మెదడు వాపు: ఏ వాపుకి ఏ మందు, ఎక్కడ ఆగాలి?

జిల్లా_క్యాజువాలిటీ:
సీటీ రిపోర్టులో మెదడు వాపు అని కనబడగానే మానిటాల్ (మెదడులోంచి నీరు లాగే మందు) 100 మి.లీ. రోజుకు మూడుసార్లు, డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) 8 మి.గ్రా. రెండుసార్లు అని రాసేయడం చాలా చోట్ల అలవాటైపోయింది. పక్షవాతమా, కణితా, దెబ్బా, సోడియం పడిపోవడమా అని చూడకుండానే అందరికీ ఒకటే చీటీ. న్యూరోసర్జన్ దగ్గరలో లేని ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు పనికొచ్చేలా, ఏ కారణానికి ఏది పనిచేస్తుందో, ఏది హాని చేస్తుందో ఇక్కడ రాసిపెట్టుకుందాం. మోతాదులతో సహా రాయండి.

నిర్వాహకుడు:
మంచి విషయం. చదివే కుటుంబ సభ్యులకు ఒక్క మాట: ఇక్కడి మోతాదులు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూసుకుంటూ ఇచ్చేవి. ఇంట్లో వాడేవి కావు. రోగి పేరు, ఫోటో, ఫిల్ము పెట్టవద్దు.

న్యూరోసర్జరీ_విశాఖ:
ముందు లెక్క చూద్దాం. పుర్రె లోపలి చోటులో దాదాపు 80 శాతం మెదడు, 10 శాతం రక్తం, 10 శాతం వెన్నునీరు. పెద్దవాళ్లలో పుర్రె సాగదు. మెదడు ఉబ్బితే మొదట వెన్నునీరు వెన్ను వైపు జారుకుంటుంది, తర్వాత సిరల్లోని రక్తం ఖాళీ అవుతుంది. ఈ రెండూ అయిపోయేదాకా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. ఆ తర్వాత కొద్ది మిల్లీలీటర్ల వాపు చేరినా ఒత్తిడి నిట్టనిలువునా లేస్తుంది. ఉదయం మాట్లాడిన మనిషి సాయంత్రానికి కోమాలోకి వెళ్లడం వెనుక కారణం ఇదే.

పడుకున్నప్పుడు మామూలు ఒత్తిడి 15 ఎం.ఎం. పాదరసం లోపే. తలకు దెబ్బ తగిలినవాళ్లలో 22 దాటితే వైద్యం మొదలుపెట్టాలి. మెదడుకి రక్తం నెట్టే ఒత్తిడి అంటే సగటు బీపీలోంచి ఈ లోపలి ఒత్తిడిని తీసివేయగా మిగిలేది. అది 60 నుంచి 70 ఉండాలి. సగటు బీపీ 70, లోపలి ఒత్తిడి 30 అయితే మిగిలేది 40. మెదడు ఆకలితో చస్తుంది. అందుకే ఇలాంటి రోగిలో బీపీ పడిపోవడం వాపుతో సమానమైన ప్రమాదం.

ఇక వాపుల్లో రకాలు. కణితి, చీముగడ్డ చుట్టూ వచ్చేది రక్తనాళాల గోడలు కారడం వల్ల. ఇది తెల్ల పదార్థంలో వేళ్లలా పాకుతుంది. పక్షవాతంలో, ఉరి వేసుకున్నవాళ్లలో, గుండె ఆగి తిరిగి కొట్టుకున్నవాళ్లలో వచ్చేది కణాల వాపు: ఆక్సిజన్ లేక కణంలోని సోడియం పంపు ఆగిపోతుంది, కణమే నీరు తాగి ఉబ్బుతుంది. వెన్నునీటి దారి మూసుకుపోతే ఆ నీరు మెదడులోకి ఇంకుతుంది. రక్తంలో సోడియం పడిపోతే నీరు మెదడులోకి లాక్కోబడుతుంది. దెబ్బ తగిలినవాళ్లలో మొదటి రెండూ కలిసే ఉంటాయి. స్టెరాయిడ్ మొదటి రకం మీద మాత్రమే గట్టిగా పనిచేస్తుంది. మిగతావాటికి రాసే డెక్సాతో షుగర్ పెరగడం, ఇన్‌ఫెక్షన్, కడుపులో రక్తస్రావం తప్ప మిగిలేది లేదు.

ఐసీయూ_సిస్టర్:
మందు చేతికొచ్చేలోపు చేయాల్సినవి ఉన్నాయి సార్, వాటినే ఎక్కువగా మర్చిపోతారు.

మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తాలి. దిండు మీద దిండు పెట్టి మెడ వంచితే మేలు కంటే కీడే. మంచమే ఎత్తాలి. ముక్కు, గడ్డం, బొడ్డు ఒకే గీతలో ఉండాలి. తల పక్కకు తిరిగితే ఆ వైపు మెడ సిర నొక్కుకుపోయి మెదడులోంచి రక్తం దిగదు. ట్యూబు కట్టే టేపు మెడ చుట్టూ బిగించకండి, రెండు వేళ్లు దూరాలి. గట్టి మెడ కాలర్ కూడా సిరను నొక్కుతుంది. వెన్నెముకకు దెబ్బ లేదని తేలగానే తీసేయమని డాక్టర్ని అడగాలి.

కఫం లాగేముందు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, ఒక్కోసారి 10 సెకన్లు మించకుండా లాగాలి. దగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. మలబద్ధకం వద్దు. మూత్రం గొట్టం మడతపడి పొట్ట ఉబ్బినా రోగి పెనుగులాడతాడు. జ్వరం 38 డిగ్రీలు దాటనివ్వకండి. స్పృహ స్కోరు (కన్ను, మాట, కదలిక చూసి 15కి వేసే గ్లాస్గో స్కోరు), కంటిపాపలు గంటగంటకూ రాయాలి. స్కోరు రెండు పాయింట్లు తగ్గినా, ఒక పాప పెద్దదై టార్చికి ముడుచుకోకపోయినా వెంటనే పిలవాలి. పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు.

న్యూరోసర్జరీ_విశాఖ:
సిస్టర్ గారు చెప్పిన కంటిపాప గురించి: వాపు ఏ వైపు ఉందో సాధారణంగా ఆ వైపు పాపే పెద్దదవుతుంది. టెంపోరల్ లోబ్ (కణత వైపు మెదడు భాగం) అంచు జారి మూడో నరాన్ని నొక్కుతుంది. బీపీ పెరగడం, నాడి తగ్గడం, శ్వాస లయ తప్పడం మూడూ కలిసి కనబడేసరికి బాగా ఆలస్యమైపోయి ఉంటుంది. వాటి కోసం ఎదురుచూడవద్దు. అలాంటప్పుడు పెరిగిన బీపీని తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. రక్తం అందక శరీరమే ఆ బీపీని పెంచుకుంటోంది, ముందు లోపలి ఒత్తిడి దించాలి.

ఫార్మసీ_గుంటూరు:
మానిటాల్ సంగతి చెబుతాను. మన దగ్గర దొరికేది 20 శాతం ద్రావణం: 100 మి.లీ.లో 20 గ్రాములు. మోతాదు కిలోకు 0.25 నుంచి 1 గ్రాము. 60 కిలోల మనిషికి 1 గ్రాము చొప్పున 60 గ్రాములు, అంటే 300 మి.లీ. 100 మి.లీ. ఇస్తే అదే మనిషికి కిలోకు 0.33 గ్రాములే. 80 కిలోలుంటే 0.25, అంటే అట్టడుగు మోతాదు. కంటిపాప పెద్దదైపోయిన రోగికి ఒక 100 మి.లీ. సీసా పెట్టి ఊరుకుంటే చాలదు.

15 నుంచి 20 నిమిషాల్లో పూర్తిగా వెళ్లాలి. నాలుగు గంటలు చుక్కచుక్కగా ఎక్కిస్తే రక్తంలో గాఢత పెరగదు, మెదడులోంచి నీరు లాగదు, ఉత్త మూత్రం మందుగా మిగులుతుంది. ఇది వార్డుల్లో రోజూ జరిగే తప్పు.

చలికాలంలో, ఏసీ గదిలో సీసా అడుగున స్ఫటికాలు కడతాయి. వాటితో ఎక్కించకూడదు. సీసాను వేడినీళ్ల గిన్నెలో ఉంచి, మధ్యమధ్య కుదుపుతూ పూర్తిగా కరిగించి, ఒంటి వేడికి చల్లార్చి, ఫిల్టర్ ఉన్న సెట్టుతో ఎక్కించాలి. కరగకపోతే పారేయాలి. రక్తం ఎక్కించే గొట్టంలో కలపవద్దు. మందు సిరలోంచి పక్కకు కారితే చర్మం దెబ్బతింటుంది, కాబట్టి లావు క్యాన్యులా పెట్టండి.

మత్తు_డాక్టర్_హైదరాబాద్:
మోతాదు సరే. నా అభ్యంతరం గడియారం చూసి ఇవ్వడం మీద. ఒత్తిడి పెరిగిందన్న గుర్తు ఉంటే ఇవ్వాలి, లేకపోతే ఆపాలి. ఐదు రోజులు వరసగా నడిపితే దెబ్బతిన్న చోట నాళాల గోడ దాటి మానిటాల్ మెదడులోకే చేరుతుంది, తర్వాత నీటిని అక్కడికే లాగుతుంది. కిడ్నీ కూడా దెబ్బతింటుంది. రక్తం గాఢత (ఆస్మొలాలిటీ) 320 దాటితే ఆపండి. ఆ పరీక్ష లేని చోట కనీసం రోజూ సోడియం, క్రియాటినిన్ చూడండి. గొట్టంలో పోయిన మూత్రమెంతో లెక్కగట్టి సెలైన్‌తో భర్తీ చేయకపోతే బీపీ పడిపోతుంది. మూత్రం రాని రోగికి, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు మానిటాల్ వద్దు.

బీపీ తక్కువగా ఉన్న రోగికి నేను 3 శాతం సెలైన్ ఎంచుకుంటాను: 250 మి.లీ. 15 నుంచి 20 నిమిషాల్లో. చేతి సిరలోంచే ఇవ్వొచ్చు. ఇది మానిటాల్‌లా మూత్రంలో నీళ్లు తోడేయదు, బీపీ నిలబెడుతుంది. ఆరేసి గంటలకు సోడియం చూస్తూ 145 నుంచి 155 మధ్య ఉంచండి. 160 దాటనివ్వకండి.

ఇంకోటి, 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసా ఈ రోగి మంచం దగ్గరికి రాకూడదు. శరీరం చక్కెరను వాడేసుకున్నాక మిగిలేది ఉత్త నీరు, అది నేరుగా మెదడులోకి పోతుంది. రింగర్ లాక్టేట్‌లో సోడియం 130 మాత్రమే. మామూలు 0.9 శాతం సెలైన్ (సోడియం 154) వాడండి. షుగర్ పడిపోతే గాఢమైన గ్లూకోజ్ ఇవ్వడం వేరే సంగతి, అది తప్పక ఇవ్వాలి.

వెంటిలేటర్‌తో శ్వాస వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్ 30 నుంచి 35కి దించితే నాళాలు ముడుచుకుని ఒత్తిడి నిమిషాల్లో తగ్గుతుంది. కానీ ముడుచుకున్న నాళాల్లో రక్తం కూడా తగ్గుతుంది. ఆపరేషన్ టేబుల్ చేరేదాకా నెట్టుకురావడానికే ఇది. అంబు బ్యాగును (చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచి) భయంతో గబగబా నొక్కుతూ గంటసేపు తీసుకొస్తే మెదడుకి రక్తం అందకుండా చేసినట్టే.

చదువరి_నెల్లూరు:
అయ్యా, నేను వైద్యం చదివినవాణ్ణి కాదు. స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుందంటారు కదా, తలకు దెబ్బ తగిలినవాళ్లకి ఎందుకు ఇవ్వకూడదు?

న్యూరోసర్జరీ_విశాఖ:
మంచి ప్రశ్న అండీ. ఎన్నో ఏళ్లు ఇచ్చారు కూడా. 2004లో క్రాష్ అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తలకు దెబ్బ తగిలిన 10,008 మంది పెద్దవాళ్లలో సగం మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్, సగం మందికి మందు లేని ఉత్త ద్రావణం ఇచ్చారు. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ గుంపులో 21.1 శాతం, రెండో గుంపులో 17.9 శాతం. అంటే మందు ప్రాణాలు తీసింది. అప్పటి నుంచి దెబ్బకి స్టెరాయిడ్ నిషిద్ధం. పక్షవాతంలో, మెదడులో రక్తస్రావంలో కూడా దానివల్ల లాభం లేదు.

కణితి చుట్టూ వాపుకు మాత్రం అది గొప్ప మందు. డెక్సామెథసోన్ 10 మి.గ్రా. ఒకసారి, తర్వాత 4 మి.గ్రా. ఆరు గంటలకోసారి. తలనొప్పి, కాలుచేయి బలహీనత ఒకటి రెండు రోజుల్లోనే తగ్గడం కనబడుతుంది. లక్షణాలు స్వల్పంగా ఉంటే రోజుకు 4 నుంచి 8 మి.గ్రా. చాలు. వారాల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపకండి. స్కానులో లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) అనుమానం ఉంటే బయాప్సీ తీసేదాకా స్టెరాయిడ్ ఆపండి, కణితి కరిగిపోయి ముక్కలో రోగమే కనబడదు.

ఫిజీషియన్_వరంగల్:
ఇన్‌ఫెక్షన్లలో స్టెరాయిడ్‌కి చోటుంది, అది కూడా రాయాలి. టీబీ మెనింజైటిస్‌లో తప్పనిసరి. 2004లో వియత్నాంలో చేసిన అధ్యయనంలో డెక్సా ఇచ్చినవాళ్లలో మరణాలు తగ్గాయి, వైకల్యం మాత్రం తగ్గలేదు. స్పృహ తగ్గిన రోగికి రోజుకు కిలోకు 0.4 మి.గ్రా.తో మొదలుపెట్టి వారవారం తగ్గిస్తూ ఎనిమిది వారాలు. మూడో వారంలో కాస్త తేరుకోగానే ఇంటికెళ్లి ఆపేసేవాళ్లున్నారు, వాపు తిరగబెడుతుంది. పెద్దవాళ్లలో బాక్టీరియా మెనింజైటిస్‌కి 10 మి.గ్రా. ఆరు గంటలకోసారి నాలుగు రోజులు. మొదటి డోసు యాంటీబయాటిక్ కంటే ముందో, దానితో పాటో పడాలి.

బద్దెపురుగు తిత్తులు మన ప్రాంతంలో ఫిట్స్‌కి పెద్ద కారణం. ఒకటి రెండు తిత్తులకు ఆల్బెండజోల్ రోజుకు కిలోకు 15 మి.గ్రా. 10 నుంచి 14 రోజులు ఇస్తాం, కానీ స్టెరాయిడ్ ముందే మొదలుపెట్టాలి. పురుగు చస్తే దాని చుట్టూ వాపు రేగుతుంది. మెదడంతా తిత్తులతో నిండి మొత్తం వాచి ఉంటే ఆల్బెండజోల్ ఇవ్వకూడదు. వందల తిత్తులు ఒక్కసారి చస్తే వచ్చే వాపుతో ప్రాణం పోతుంది. మందు మొదలుపెట్టే ముందు కంటి వెనక పరీక్ష కూడా చేయించాలి, కంట్లో తిత్తి ఉంటే చూపు పోవచ్చు.

పిల్లల_వైద్యం_కర్నూలు:
పిల్లల్లో రెండు విషయాలు.

జ్వరం, ఫిట్స్, మత్తుతో వచ్చిన ప్రతి పిల్లవాడికీ మొదటి ఐదు నిమిషాల్లో వేలి రక్తంతో షుగర్ చూడండి. తక్కువుంటే 10 శాతం డెక్స్‌ట్రోస్ కిలోకు 2 నుంచి 5 మి.లీ. వెంటనే. మెదడువాపు జ్వరం తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ వైరస్‌ని చంపే మందు లేదు. ఫిట్స్, షుగర్, ఆక్సిజన్, లోపలి ఒత్తిడి చూసుకోవడమే వైద్యం. హెర్పిస్ వైరస్‌కి మాత్రం అసైక్లోవిర్ ఉంది, అనుమానం వస్తే రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాలి.

రెండోది, టైప్ 1 డయాబెటిస్ పిల్లల్లో కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లం పేరుకుపోవడం). వందలో ఒకరికి అటుఇటుగా మెదడు వాస్తుంది, సాధారణంగా వైద్యం మొదలైన 4 నుంచి 12 గంటల మధ్య. షుగర్ దిగుతోందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలోనే అన్నమాట. కొత్తగా తలనొప్పి, వాంతి, చిరాకు, నాడి నెమ్మదించడం కనబడితే స్కాన్‌కి పంపకుండానే మానిటాల్ కిలోకు 0.5 నుంచి 1 గ్రాము, లేదా 3 శాతం సెలైన్ కిలోకు 2.5 నుంచి 5 మి.లీ. పది పదిహేను నిమిషాల్లో ఇవ్వాలి. ఇన్సులిన్ బోలస్ (ఒక్కసారిగా ఇచ్చే డోసు) వద్దు. సెలైన్ మొదలుపెట్టిన గంట తర్వాత గంటకు కిలోకు 0.05 నుంచి 0.1 యూనిట్. బైకార్బొనేట్ ఇవ్వకండి.

ప్రసూతి_రాజమండ్రి:
కాన్పయిన తర్వాత వచ్చే వాపు గురించి ఎవరూ రాయలేదు. బాలింతకు తలనొప్పి రోజురోజుకూ పెరిగి, వాంతులు, ఫిట్స్, చేయి లాగడం మొదలైతే మెదడు సిరల్లో గడ్డ అనుకోవాలి. కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. దానికి తోడు పథ్యం పేరుతో మంచినీళ్లు ఇవ్వకపోతే రక్తం ఇంకా చిక్కబడుతుంది. బాలింత నోరు ఎండబెట్టడం మానాలి, ఈ మాట డిశ్చార్జి రోజున అత్తగారికీ అమ్మకూ ఇద్దరికీ చెప్పాలి.

మామూలు సీటీలో ఇది తప్పిపోవచ్చు, సిరల స్కాన్ అడగండి. వైద్యం హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్. ఎనాక్సపారిన్ కిలోకు 1 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి. స్కాన్‌లో రక్తస్రావం కనబడినా ఇవ్వాలి, ఎందుకంటే ఆ రక్తం సిర మూసుకుపోవడం వల్ల వచ్చింది. సిర తెరుచుకోనిదే వాపు దిగదు. తర్వాత మూడు నుంచి ఆరు నెలలు రక్తం పలుచబడే మాత్రలు. ఈ తల్లులు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మళ్లీ ముట్టకూడదు. ఇరవయ్యో వారం దాటాక, లేదా కాన్పయిన కొత్తలో బీపీ ఎక్కువై ఫిట్స్ వస్తే మాత్రం మెగ్నీషియం సల్ఫేట్ ముందు.

మత్తు_డాక్టర్_హైదరాబాద్:
సోడియం వాపు కూడా చేర్చండి. ఎండాకాలంలో బీపీకి థయజైడ్ (మూత్రం ఎక్కువ చేసే మందు) కలిసిన మాత్ర వేసుకునే పెద్దవాళ్లు ఉప్పు తగ్గించి, నీళ్లు ఎక్కువ తాగి, తికమక మాటలతో వస్తారు. సోడియం 110 ఉండి ఫిట్స్ వస్తే 3 శాతం సెలైన్ 100 మి.లీ. పది నిమిషాల్లో, ఫిట్స్ ఆగకపోతే ఇంకో రెండుసార్లు దాకా. 4 నుంచి 6 పెరిగితే చాలు, ప్రమాదం తప్పుతుంది. 24 గంటల్లో 8 మించి పెంచకండి. త్వరగా 135కి తెచ్చేస్తే రెండు మూడు రోజుల తర్వాత మెదడు కాండం దెబ్బతిని మాట, మింగడం పోతాయి.

చదువరి_నెల్లూరు:
పుర్రె ఎముక తీసేస్తారని విన్నాం. అది ఎవరికి? తీసిన ఎముక ఏం చేస్తారు?

న్యూరోసర్జరీ_విశాఖ:
మెదడులో సగభాగానికి రక్తం ఆగిపోయిన పెద్ద పక్షవాతంలో వాపు రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య శిఖరానికి చేరుతుంది. మందులకు లొంగదు. అరవై ఏళ్ల లోపువాళ్లకు 48 గంటల్లోపు ఎముక తీస్తే ఎంత తేడా ఉంటుందో మూడు యూరప్ అధ్యయనాలను కలిపి 2007లో తేల్చారు: ఆపరేషన్ చేసినవాళ్లలో 78 శాతం, చేయనివాళ్లలో 29 శాతం ఏడాది తర్వాత బతికున్నారు. బతికినవాళ్లలో కొందరు నడవలేరు, ఒకరి సాయం కావాలి. ఇది కుటుంబానికి ఆపరేషన్ ముందే చెప్పాలి, సంతకం తర్వాత కాదు. అరవై దాటితే ప్రాణం నిలిచినా స్వతంత్రంగా బతకడం చాలా అరుదు.

ఎముక ముక్క ముందు నుంచి వెనక్కి కనీసం 12 సెం.మీ. ఉండాలి. చిన్న కిటికీ తెరిస్తే ఉబ్బిన మెదడు ఆ అంచుకే ఒరుసుకుని సిరలు తెగుతాయి. కింది పొరను కూడా విప్పి, అతుకు వేసి వదులు చేయాలి, లేకపోతే ఎముక తీసి ప్రయోజనం లేదు. ఎముకను పొట్ట చర్మం కింద కొవ్వులో గానీ, లోతైన ఫ్రీజర్‌లో గానీ దాస్తారు. వాపు దిగి, ఇన్‌ఫెక్షన్ లేకపోతే రెండు మూడు నెలల తర్వాత తిరిగి పెడతారు. అందాకా ఆ వైపు పడుకోబెట్టకూడదు, లేచి తిరిగేటప్పుడు హెల్మెట్ ఉండాలి. మంచం మీద "ఎడమ వైపు ఎముక లేదు" అని పెద్దగా రాసి అంటించండి.

ఐసీయూ_సిస్టర్:
వెన్నునీరు బయటికి తీసే గొట్టం ఉన్నవాళ్లకు: సున్నా గుర్తు చెవి రంధ్రం ఎత్తులో ఉండాలి. మంచం ఎత్తినా దించినా మళ్లీ సరిచేయాలి. మంచం మార్చకముందే గొట్టం బిగించాలి. తెరిచి ఉంచి రోగిని లేపి కూర్చోబెడితే నిమిషాల్లో ఎక్కువ నీరు దిగిపోయి, మెదడు పైన రక్తం చేరుతుంది. బిగించి మళ్లీ తెరవడం మర్చిపోవడమూ అంతే ప్రమాదం.

యాత్రల_బృందం:
మా ఊళ్ల నుంచి లేహ్‌కి, అమర్‌నాథ్‌కి చాలామంది వెళ్తున్నారు. ఎత్తులో మెదడు వాపు వస్తే ఏం చేయాలి?

ఫిజీషియన్_వరంగల్:
లేహ్ దాదాపు 3,500 మీటర్లు. విమానంలో దిగినవాళ్లు రెండు రోజులు ఊళ్లోనే ఉండాలి, ఇంకా ఎత్తైన ఖర్దుంగ్ లా కనుమ మరుసటి రోజే పెట్టుకోకండి. తలనొప్పితో పాటు నడక తూలితే, గీత మీద ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ నడవలేకపోతే మెదడు వాపే. వెంటనే కిందికి దింపాలి, రాత్రయినా సరే. ఆక్సిజన్, డెక్సా 8 మి.గ్రా., తర్వాత ఆరు గంటలకోసారి 4 మి.గ్రా. మందు పడ్డాక తేరుకున్నాడని పైకి తీసుకెళ్లకండి. ముందు జాగ్రత్తకు అసిటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, డాక్టర్ని అడిగి. సల్ఫా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి.

జిల్లా_క్యాజువాలిటీ:
అందరికీ ధన్యవాదాలు. చివరి ప్రశ్న: పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చీటీలో ఏం ఉంటే మీకు పనికొస్తుంది?

న్యూరోసర్జరీ_విశాఖ:
చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎన్ని గంటలకు. స్పృహ స్కోరు విడివిడిగా: కన్ను, మాట, కదలిక. మొత్తం మాత్రమే రాస్తే ఎక్కడ తగ్గిందో తెలియదు. రెండు పాపల సైజు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే పేరు, సమయం. మానిటాల్ ఎంత, ఎన్ని గంటలకు. బీపీ, షుగర్, సోడియం. రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నాడా. మా ఫోన్‌కి సీటీ వీడియో కాదు, ఒక్కో ముక్క విడిగా తీసిన ఫోటోలు పంపండి.

మత్తు_డాక్టర్_హైదరాబాద్:
స్కోరు 8 లేదా అంతకు తక్కువుంటే బయల్దేరే ముందే శ్వాసగొట్టం వేయండి, దారిలో వేయలేరు. ఆక్సిజన్ 94 పైన, పై బీపీ 110 తగ్గకుండా. బయల్దేరే ముందు మూత్రం గొట్టం వేసి, మానిటాల్ రెండో డోసు కాకుండా 3 శాతం సెలైన్ సీసా 108లో పెట్టి పంపండి. దారిలో పాప పెద్దదైతే టెక్నీషియన్ ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు చీటీ పైనే రాయండి.